కోత పండుగ బల్ల మీద కప్పపిల్లలు

తల్లి కడుపు చీకటిలో ఎముకను ఎముకతో జతచేసి నన్ను రూపు దిద్దినవాడికి, నేను ఊపిరి తీయకముందే నా పేరు ఎరిగినవాడికి, చేల బోదె కాలవలో పడి ఉన్న కప్పగుడ్డుకి సైతం ఏ వేళకు ఏమి కావాలో కబురు పంపేవాడికి ముందుగా స్తోత్రం. ఎనభై దాటిన ఈ వయసులో చెయ్యి వణుకుతున్నా కలం పట్టుకోనిస్తున్నందుకు స్తోత్రం. నన్ను నోరు మూసుకోమన్న రోజున నా నోరు తెరిపించినందుకు మరీ స్తోత్రం. ఆయనకి చెల్లించవలసింది చెల్లించాను కనుక ఇక మనుషుల సంగతి చెబుతాను. ఆ మనుషుల్లో కొందరికి నేను ఆనాడూ తల వంచలేదు, ఇవాళా వంచను.

మొన్నొక ఆదివారం మా మందిరానికి పొరుగూరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చి, ఆడపిల్లలు సైన్సు చదివి విశ్వాసం పోగొట్టుకుంటున్నారని, ముఖ్యంగా జీవశాస్త్రం చదివేవాళ్ళకి దేవుడితో పని లేకుండా పోతోందని గంటసేపు మైకులో కేకలు పెట్టాడు. నా పక్కనే మా అమ్మాయి కూతురు కూర్చుని ఉంది. హైదరాబాదులో ఏదో పరిశోధనశాలలో పని చేస్తుంది, సెలవు పెట్టి నన్ను చూడటానికి వచ్చింది. పిల్ల ముఖం కందిపోయింది. ఇంటికి వచ్చాక అన్నం కూడా ముట్టకుండా కూర్చుంటే, పోనీ నువ్వు చేసే ఆ పని ఏమిటో నాకు చెప్పు, నాకు తెలియని దేవుడు అందులో ఎవరైనా ఉన్నాడేమో చూస్తాను అన్నాను. నవ్వింది. నవ్వి, చెప్పింది.

నా ఈడువాళ్ళు ఈ నాలుగు మాటలు చూసి బెదిరిపోకండి, నాకు ఎంత సులువుగా చెప్పిందో అంత సులువుగానే రాస్తాను. మన ఒంట్లో ప్రతి కణంలోనూ నడుమన కేంద్రకం అని ఒక గది ఉంటుందట. కంటిలోని కణమైనా కాలి గోటి దగ్గరి కణమైనా ఆ గదిలో దాచి ఉన్న రాత ఒక్కటేనట, ఆ రాతలో ఒక్కొక్క భాగాన్నీ జన్యువు అంటారట. రాత అంతా ఒక్కటే అయినప్పుడు ఒకటి కన్ను, ఒకటి గోరు ఎలా అయ్యాయి అంటే, ఎక్కడ ఏ భాగాన్ని చదవాలో బయటి నుంచి వచ్చే కబురు చెబుతుందట. కొన్ని కబుర్లు కణం గోడ దాటి లోపలికి రాలేవు. గోడ మీద వాటిని అందుకునేవి కాచుకుని ఉంటాయి, అందుకున్నది తన పక్కదాన్ని తడుతుంది, అది మరొకదాన్ని తడుతుంది, మన రేవుల్లో కొబ్బరికాయలు పడవలోకి ఎక్కించేటప్పుడు వరసగా నిలబడి చేతి నుంచి చేతికి అందించుకుంటారు చూడండి, అలాగ. చివరికి ఒకటి ఆ నడిమి గదిలోకి వెళ్ళి, తనకి సంబంధించిన జన్యువు తల దగ్గర కూర్చుంటుంది. అప్పుడు ఆ భాగానికి నకలు తీయడం మొదలవుతుంది. దాన్ని వాళ్ళు ట్రాన్‌స్క్రిప్షన్ అంటారు. ఆ నకలు బయటికి వచ్చాక దాని ప్రకారం పని జరుగుతుంది. మరికొన్ని కబుర్లకి ఈ చేతులు మార్చుకోవడాలేమీ అక్కర్లేదట, అవి తిన్నగా ఆ గదిలోకే పోతాయి. మన గొంతులో ఉండే థైరాయిడు గ్రంథి పంపే కబురు అలాంటిదట. దాన్ని అందుకోవలసినది ముందే జన్యువు మీద కూర్చుని ఉంటుంది, కబురు రానంతవరకు తానే ఆ రాతను చదవనివ్వకుండా మూసి ఉంచుతుంది, కబురు అందగానే మళ్ళీ తానే తెరిపిస్తుంది.

"ఇదంతా తోకకప్పల్లో బాగా తెలుస్తుంది అమ్మమ్మా. ఆ కబురు అందితేనే తోక పోయి కాళ్ళొస్తాయి" అంది.

నేను అప్పుడే మంచినీళ్ళ గ్లాసు ఎత్తాను, మళ్ళీ దించేశాను. ఆ కాళ్ళు రావడం నేను చూశాను తల్లీ, ఆ కబురు నా చేత్తో నేనే ఇచ్చాను, మీ అమ్మ కూడా పుట్టకముందు అన్నాను. అదెక్కడికి పోయిందో, లోపల ఏమి చేసిందో మాత్రం నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. మా కాలేజీలో మేడంగారిని అడిగితే అది లోకంలో ఎవరికీ ఇంకా తెలియదనేవారు.

మాది రాజోలుకి ఆనుకుని ఉన్న పల్లె. మా తాత ఊళ్ళో కామందుగారి దగ్గర పాలేరు. తాత పోయాక మామ్మ, అంటే మా నాన్న తల్లి, అదే కామందుగారి చేలల్లో ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి ఇద్దరు కొడుకులని పెంచింది. ఆ ఇద్దరిలో పెద్దవాడు మా పెదనాన్న, చిన్నవాడు మా నాన్న. మా అమ్మ నా చిన్నప్పుడే ప్రభువు దగ్గరకి వెళ్ళిపోవడంతో నన్నూ పెంచింది మామ్మే. ఆవిడకి అక్షరం ముక్క రాదు. కానీ మందిరంలో విన్న వాక్యం విన్నట్టు అప్పజెప్పేది, ఊడ్పు చేలో నడుము వంచి పాడుతూ పాడుతూ కీర్తనలన్నీ నాకు నేర్పింది. అప్పటికి మా సంఘం మూడు తరాలది. గోడలు మట్టివి, కప్పు తాటాకుది. మగవాళ్ళు కుడి వైపు, ఆడవాళ్ళు ఎడమ వైపు చాపల మీద కూర్చునేవారు. సంఘానికి పెద్ద మా పెదనాన్న, కాపరి మా అయ్యగారు. మా వైపు పాదిరిగారిని అయ్యగారు అనే పిలుస్తాము.

మా సంఘంలో ఒక ఆచారం ఉండేది. మరెక్కడా నేను చూడలేదు. సార్వా పంట, అంటే వానాకాలపు వరి, ఇంటికి చేరాక కోత పండుగ చేసేవాళ్ళం. ఎవరి చేతి కష్టం వాళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాలి. ధాన్యం కుంచం, అరటి గెల, కొబ్బరికాయలు, కోడిపుంజు, నులక అల్లేవాళ్ళయితే నులక చుట్ట, బుట్టలల్లేవాళ్ళయితే బుట్ట. సంఘపెద్ద ఒక్కొక్కదాన్నే చేతుల్లోకి తీసుకుని పైకెత్తుతాడు. తెచ్చినవాళ్ళు లేచి నిలబడి, ఇందులో నా వంతు ఇది, దేవుని వంతు ఇది అని అందరికీ వినపడేలా చెప్పాలి. నా వంతు దున్నడం, ఆయన వంతు వాన, నా వంతు గింజలు వేయడం, ఆయన వంతు పుంజుకి ఒళ్ళు పట్టడం, అలాగన్నమాట. అప్పుడు సంఘం ఆమేన్ అంటే కానుక చెల్లినట్టు. అనకపోతే ఆ కానుకను ఇంటికి పట్టుకుపోవాలి. అలా ఇంటికి పట్టుకుపోయినవాళ్ళని నేను చూడలేదు గాని, అందరికీ ఆ భయం మాత్రం ఉండేది. దొంగ తూకాలవాడు ఏటేటా ఆ బల్ల దగ్గర చెమటలు కక్కుతుంటే చూసి మేము పిల్లలం నవ్వుకునేవాళ్ళం.

నేను కాకినాడలో ఇంటరు సైన్సు గ్రూపుతో పాసయ్యాను. మా పల్లె నుంచి అంతదూరం వెళ్ళిన మొదటి ఆడపిల్లని. ఇంకా చదవాలని, జంతుశాస్త్రంలో బియ్యెస్సీ చెయ్యాలని నాకు ఆశ. మిషను హాస్టల్లో సీటు ఇవ్వాలంటే మా పిల్ల యోగ్యురాలు అని సంఘం మాట ఇవ్వాలి, ఆ మాట అయ్యగారు పైవాళ్ళకి చేరవెయ్యాలి. ఆ మాట దగ్గరే పెదనాన్న అడ్డుపడ్డాడు. ఆయన చెడ్డవాడు కాడు. పగలు కూలికి పోయి, రాత్రి వాక్యం చదవడం కోసమే సొంతంగా అక్షరాలు దిద్దుకున్న మనిషి. నర్సు ట్రైనింగుకి వెళ్తానంటే తానే వెంటబెట్టుకుని దింపి వస్తానన్నాడు, టీచరు ట్రైనింగైనా సరేనన్నాడు. జంతువుల చదువు మాత్రం వద్దన్నాడు. ఆ చదువు చదివినవాళ్ళు మనిషి జంతువులోంచి వచ్చాడంటారని, అది చదివి వచ్చిన పిల్ల రేపు మందిరం గడప తొక్కదని ఎవరో ఆయన చెవిన వేశారు. నేను ఎంత చెప్పినా వినలేదు. ఆ ఏడు చదువు ఆగిపోయింది. ఊళ్ళో మిషను బడిలో టీచరమ్మ పురిటికి వెళ్తే ఆ స్థానంలో నన్ను పెట్టారు. మరుసటి ఏటికైనా సంఘం మాట ఇవ్వకపోతే ఆ బడి పంచలోనే నా చదువుకి సమాధి అని నాకు తెలుసు.

దీపావళి దాటాక తుఫాను వానలు పట్టాయి. బోదెలు నిండి, చేలల్లో ఎక్కడ చూసినా తోకకప్పలే. పిల్లలకి ఏదైనా కళ్ళతో చూపించి చెబుదామని, మేడంగారు క్లాసులో చెప్పిన సంగతి ఒకటి గుర్తొచ్చి, ఓ సాయంత్రం మామ్మనీ తోడు తీసుకుని కామందుగారి చేను గట్టు మీద కూర్చుని తోకకప్పలని గుడ్డతో వడగట్టి కుండలో వేస్తున్నాను. ఆయన గొడుగు వేసుకుని అటుగా వచ్చారు. నాకేసి చూడను కూడా చూడలేదు, మామ్మతోనే అన్నారు.

"ఏవే ముసలీ, కాకినాడ దాకా పంపి చదివించింది మా చేలో కప్పపిల్లల్ని పట్టడానికా? రక్తంలో ఉన్నది ఎక్కడికి పోద్దే. ఎంత చదివినా మళ్ళీ బురదలోకే."

"ఆయ్, బురదేనండి" అంది మామ్మ, తల దించుకునే. "తమరి ధాన్యం కూడా అందులోంచే వస్తంది కదండి."

ఆయన గొడుగు తిప్పుకుని వెళ్ళిపోయారు. మామ్మ కుండ ఎత్తుకుని ఇంటిదారి పట్టింది. నాకు మాత్రం ఆ రక్తం అన్న మాట ఒంట్లో ముల్లులా దిగింది. అదే మాటని అంతకుముందు బడిలోనూ విన్నాను, కాకినాడ హాస్టల్లో తోటి పిల్లల నోటా విన్నాను, నవ్వుతూ అన్నవాళ్ళ నోటా విన్నాను. ఈసారి మా మామ్మ ముఖం మీదే అనగా విన్నాను.

మేడంగారు చెప్పిన సంగతి ఇది. మేక గొంతులో గాలిగొట్టానికి రెండు పక్కలా చిక్కుడు గింజల్లాంటి గ్రంథులు ఉంటాయి, వాటిని ఎండబెట్టి పొడి చేసి తోకకప్పలకి పెడితే అవి వేళకి ముందే కప్పలవుతాయి. ఆదివారం ఆరాధన అయ్యాక మా నాన్న రాజోలు వెళ్ళి, వేటమాంసం, అంటే మేకమాంసం, కొట్టేవాడి దగ్గర కూర్చుని, బతిమాలి, ఆ గింజలు ఏరి ఆకులో కట్టించుకుని తెచ్చాడు. మాంసం తేకుండా గొంతులో ముక్కలు తెచ్చాడని చుట్టుపక్కలవాళ్ళు నాన్నని చాలా రోజులు ఆట పట్టించారు. నీడన ఆరబెట్టి, కల్వంలో నూరాను. కొట్టువాళ్ళ దగ్గర పిప్పరమెంటు బిళ్ళల సీసాలు ఖాళీవి రెండు అడిగి తెచ్చి, ఒక కప్ప పెట్టిన గుడ్ల తెట్టులోంచి వచ్చిన పిల్లలనే రెండింటిలోనూ సగం సగం వేశాను. రెండింటికీ ఒకే బోదె నీళ్ళు, ఒకే నాచు. ఒకదాంట్లో మాత్రం చిటికెడు పొడి. మొదటిసారి ఆత్రంలో పొడి ఎక్కువ వేసేసరికి ఆ సీసాలోవన్నీ చచ్చి తేలాయి. మళ్ళీ పట్టుకొచ్చి, ఈసారి గోటితో తీసి వేశాను.

ఆ తరువాత చూసినది నేను ఈనాటికీ మరిచిపోలేను. పొడి పడిన సీసాలో పిల్లలు ఎదగడం మానేశాయి. తోకలు కుంచించుకుపోసాగాయి. వెనక కాళ్ళు మొలకెత్తినట్టు బయటికొచ్చాయి, ఆపైన ముందు కాళ్ళు. చివరికి జోరీగ కన్నా కాస్త పెద్దవి, అంతే, కానీ కళ్ళూ వేళ్ళూ అన్నీ ఉన్న నిండు కప్పలు, నేను వేసిన కొబ్బరి మట్ట ముక్క ఎక్కి కూర్చున్నాయి. రెండో సీసాలోవి బొద్దుగా ఎదిగి, పొడవాటి తోకలతో అలాగే ఈదుతున్నాయి. ఒక తల్లి పిల్లలే, ఒక నీళ్ళే. పిల్లలు బడి వదిలినా ఇళ్ళకి పోకుండా సీసాల చుట్టూ మూగేవాళ్ళు. నేను మోకరించి స్తోత్రం చెప్పుకున్నాను. ఉండు అన్న మాటతో వెలుగుని పుట్టించినవాడు కప్పపిల్ల తోకకి కూడా ఒక మాట పంపుతాడని నాకు ఆనాడు తెలిసింది, దానికి నా విశ్వాసం బలపడిందే గాని తరగలేదు.

పిల్లలు ఇళ్ళకి పోయి చెప్పినది మరోలా పాకింది. టీచరమ్మ సీసాలో పురుగుల్ని కప్పలు చేస్తోందట అని మొదలై, కప్పల్ని మనుషుల్ని చేస్తుందట అనే దాకా వెళ్ళింది. పెదనాన్న మా వాకిట్లో నిలబడి, లోపలికి కూడా రాకుండా, ఆ సీసాలు బోదెలో పారబోసి ఆదివారం సంఘం ముందు తప్పు ఒప్పుకోమన్నాడు. ఒప్పుకుంటే నర్సు ట్రైనింగుకి సంఘం మాట ఇప్పిస్తానన్నాడు. తప్పేదైనా ఉంటే ఒప్పుకుంటాను పెదనాన్నా, నేను చేసింది తప్పు కాదు అన్నాను. మా ఇంట్లో ఆయనకి ఎదురు చెప్పిన ఆడది అప్పటిదాకా మామ్మ ఒక్కత్తే.

కోత పండుగ వచ్చింది. నాకు చేను లేదు, చెట్టు లేదు. ఆ ఏడు నా చేతి కష్టం అంటూ ఉన్నది ఆ రెండు సీసాలే. వాటిని పైట కొంగు కింద పెట్టుకుని పోయి, ధాన్యం కుంచాలకీ అరటి గెలలకీ నడుమ బల్ల మీద పెట్టాను. ఏటేటా ఉన్న మర్యాద ప్రకారం గుమ్మం పక్కన కుర్చీ వేసి కామందుగారిని కూర్చోబెట్టారు. పెదనాన్న వరసగా అన్నీ ఎత్తుతూ వచ్చాడు. నా సీసాల దగ్గరకి రాగానే వాటి మీద తన తుండుగుడ్డ కప్పి, పక్కనున్న గుమ్మడికాయ అందుకున్నాడు. గుమ్మడికాయ తెచ్చినాయన లేవబోతుంటే ఆడవాళ్ళ వైపు నుంచి మామ్మ గొంతు వినపడింది, నా మనవరాలి కానుక ఎత్తలేదేం అని.

పెదనాన్న గుమ్మడికాయ దించాడు. "ఐగుప్తు రాజు ఫరో మీదికి దేవుడు పంపిన కప్పల తెగులు ఇది. దీన్ని పట్టుకొచ్చి ఆయన బల్ల మీదే ఎత్తమంటావేంటమ్మా" అన్నాడు.

"ఆ కప్పల్ని పంపిందెవర్రా పెద్దోడా, ఫరో పంపేడా? ఆయనే కదా పంపేడు. ఆయన కప్పలే, ఎత్తు."

చాపల మీద ఎవరో కిసుక్కుమన్నారు. పెదనాన్న అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు కళ్ళు మూసుకుని ఉన్నారు, మూసుకునే తల ఊపారు. అప్పుడు పెదనాన్న తుండుగుడ్డ తీసి, రెండు చేతులతో రెండు సీసాలూ పైకెత్తాడు. నీళ్ళు కదిలి తోకకప్పలు గిరగిరా తిరిగాయి.

నేను లేచి నిలబడ్డాను. ఏమి చెప్పాలో ముందే అనుకుని వెళ్ళాను గాని అది ఒక్క ముక్కా గుర్తు రాలేదు. "ఇందులో నా వంతు చిటికెడు పొడి అండి. తోక తీసేసి కాళ్ళిచ్చిన వంతు దేవుడిది" అన్నాను. మగవాళ్ళ వైపు నుంచి మా నాన్నకి తమ్ముడి వరసాయన ఒకాయన, అయితే మనం కప్పల్లోంచి వచ్చేమంటావా అమ్మాయ్ అని అడిగాడు. "నేను అలా అనలేదండి బాబాయ్. కప్పకి కబురు పంపడం తెలిసిన దేవుడికి మనకి పంపడం రాదా అంటున్నాను. ఈ రెండు సీసాల్లోవీ ఒక తల్లి పిల్లలే, ఒక రక్తమే. వీటికి కబురు అందింది, వాటికి అందలేదు, అంతే తేడా. తోకతో పుట్టినవన్నీ తోకతోనే పోవాలని ఆయన ఎక్కడా శాసించలేదండి. రక్తం రక్తం అనేవాళ్ళు వచ్చి ఈ సీసాలు చూడొచ్చు."

ఆ చివరి మాట అన్నప్పుడు నేను సంఘాన్ని చూడలేదు, గుమ్మం పక్క కుర్చీని చూశాను. ఆ చూపు ఎవరిదగ్గర ఆగిందో మందిరంలో అందరికీ తెలిసింది. మా వాళ్ళలో సగంమంది ఆయన చేలల్లో పనివాళ్ళే. ఆమేన్ అనాలి. మగవాళ్ళ వైపు ఒక్కరూ అనలేదు, మా నాన్న కూడా ఆ కుర్చీ వైపు చూసి తల దించుకున్నాడు. ఇక సీసాలు తీసుకుని ఇంటికి పోవడమే, కాకినాడ అన్న ఊరు నాకు ఇక లేదు అనుకున్నాను.

మామ్మ "ఆమేన్" అంది. కీర్తన ఎత్తుకున్నప్పుడు అనేటంత గట్టిగా అంది. ఆవిడ పక్కన ఊడ్పుల్లో ఆవిడతో వరస పట్టే ఆవిడ అంది. ఆ వెనక బుట్టలల్లే ఆవిడ, చంటిబిడ్డకి పాలిస్తున్న మా పిన్ని, గుమ్మడికాయ తెచ్చినాయన భార్య, ఇలా చాప తరువాత చాప అంటూ వచ్చింది. రేపటి కూలి పోవచ్చని తెలియక అన్నది కాదు, తెలిసే అన్నారు.

"ఆడాళ్ళొక్కళ్ళే అంటే చెల్లుద్దా అండి అయ్యగారూ?" అన్నాడు పెదనాన్న. సీసాలు ఇంకా ఆయన చేతుల్లోనే ఉన్నాయి.

అయ్యగారు కళ్ళు తెరిచారు. "ఆమేన్‌ని రెండు వైపులా వేరేగా వినడం నాకు చాతకాదండి. నాకు వినపడింది. పైకీ వినపడే ఉంటుంది."

కామందుగారు కర్ర పట్టుకుని లేచి వెళ్ళిపోయారు. ఆ దాళ్వాకి, అంటే రెండో పంటకి, మామ్మని ఆయన ఊడ్పులకి పిలవలేదు. మామ్మ కాలవ దాటి అవతలి ఊరు చేలకి పోయింది, పోతూ దారి పొడుగునా పాడుకుంటూనే పోయింది. అయ్యగారు ఆ ఆమేన్‌నే సంఘం మాటగా పైకి పంపారు. మా ఆడవాళ్ళు అన్నం వండిన ప్రతి పూటా దేవుడి పేర గుప్పెడు బియ్యం తీసి కుండలో వేసే అలవాటు ఉంది, ఆ ఏడు ఆ గుప్పెడు నా చదువుకి అని వాళ్ళలో వాళ్ళే తేల్చుకున్నారు. ముక్తేశ్వరం రేవులో పడవెక్కి కోటిపల్లిలో దిగి కాకినాడ పోయేటప్పుడు, నా ట్రంకు పెట్టె పక్కన ఆ బియ్యం మూట కూడా ఉంది. పెదనాన్న రేవుకి రాలేదు.

ఆయన చివరి దాకా ఆ చదువుని ఒప్పుకోలేదు, నేనూ చివరి దాకా దాన్ని వదల్లేదు. సెలవులకి వచ్చినప్పుడల్లా నన్ను అరుగు మీద కూర్చోబెట్టి వాక్యం చదివించేవాడు. నా గొంతులో విశ్వాసం ఎక్కడైనా పలచబడిందేమో అని చెవి పెట్టి వినేవాడని నాకు తెలుసు. నేను కావాలనే ఇంకాస్త గట్టిగా చదివేదాన్ని. బాగుందని ఒక్కనాడూ అనలేదు. చూపు పోయాక మాత్రం వేరెవరు చదువుతానన్నా ఒప్పుకోక, నేను వచ్చేదాకా వాక్యం లేకుండా కాచుకుని కూర్చునేవాడట.

ఇదంతా విని మా మనవరాలు, ఆ కబురు వట్టి రసాయనం అమ్మమ్మా, దానికి నోరు లేదు, ఆలోచన లేదు అంది. కాదని నేనెందుకంటాను. నువ్వు అది ఏ దారిన పోతోందో వెతుకు, నేను పంపినవాణ్ణి తలుచుకుంటాను, ఇద్దరిలో ఎవరం ఆపినా నష్టమే అన్నాను. మైకులో కేకలు పెట్టిన ఆ ప్రసంగీకుడికి కూడా నా సమాధానం అదే. తెలుసుకోవడానికి భయపడే విశ్వాసం నాకు మామ్మ నేర్పలేదు. నలభై ఏళ్ళు కోనసీమ బడుల్లో తోకకప్పల్ని చూపించాను, ఒక్క ఆదివారం కూడా మందిరం మానలేదు. దేవుడు ఒక చేత్తో రాసినది రెండో చేత్తో చదవొద్దంటాడని నమ్మమంటే నమ్మను.

ఇప్పుడు మా మందిరానికి పాలరాయి నేల వచ్చింది, ఫ్యాన్లు వచ్చాయి. కోత పండుగనాడు కవర్లు పంచుతారు, వాటిలో నోటు పెట్టి ఇచ్చేస్తాం. ఎవరూ లేచి నిలబడరు. ఇందులో నీ వంతేది, దేవుడి వంతేది అని ఎవరూ ఎవరినీ అడగరు. చేలు సగం చేపల చెరువులయ్యాయి, మిగిలిన సగంలో మందులు కొడతారు, తుఫాను వానలు పడ్డాక చెవులు చిల్లులుపడేలా అరిచే కప్పలు ఏమైపోయాయో తెలియదు. ఆడపిల్లలు ఇంటింటా చదువుతున్నారు, ఇది మటుకు నా కళ్ళారా చూశాను, దానికి స్తోత్రం. కానీ వాళ్ళు ఏమి చదువుతున్నారో సంఘంలో ఎవరికీ పట్టదు. మా పెదనాన్నకి పట్టింది. తప్పుగా పట్టించుకున్నా పట్టించుకున్నాడు, నాతో పోట్లాడాడు. ఆ పోట్లాట కూడా ఇప్పుడు తీపిగానే అనిపిస్తోంది. రక్తం మాట మాత్రం పోలేదు. మంచి బట్టలు కట్టుకుని, పెళ్ళి మాటల్లోనూ ఉద్యోగాల మాటల్లోనూ కూర్చునే ఉంది.

అందుకని, ఇది చదువుతున్న నా ఈడు అన్నయ్యలూ అక్కయ్యలూ, కాసేపు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి నాతో కలిసి ప్రార్థన చెయ్యండి. ప్రతి పిల్ల లోపలా నువ్వు దాచిన రాతని చదివించే కబురు పంపు ప్రభువా, దానికి అడ్డుగా కూర్చున్నవాళ్ళని లేపు, అందులో మేమే ఉంటే మమ్మల్నే ముందు లేపు అని అడుగుదాం. చివర ఆమేన్ అనేటప్పుడు ఎవరో ఒకరు మొదలుపెడతారని చూడకండి. మీరే అనండి, వీధిలోకి వినపడేలా అనండి.